సీబీడీ, సీబీజీ, సీబీఎన్‌లలో ఏది దేనికి? మా బాబు మందు నేర్పినది

గంజాయి మొక్క నుంచి తీసే ఈ మూడింట్లో ఏది దేనికి పనిచేస్తుంది, మత్తెక్కదంటున్నారు కాబట్టి విజయవాడలో ఉన్న అమ్మ మోకాళ్ల నొప్పులకు అమెరికా నుంచి తీసుకెళ్లొచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. మేమూ ఇక్కడే ఉంటాం. మా బాబుకి లెనాక్స్-గాస్టో సిండ్రోమ్ అనే మొండి మూర్ఛ ఉంది, నాలుగేళ్లుగా సీబీడీ వేస్తున్నాం.

మొక్కలో మత్తెక్కించేది ప్రధానంగా టీహెచ్‌సీ. సీబీడీకి ఆ గుణం లేదు. మీరు అడిగిన మూడింట్లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందుగా ఒప్పుకున్నది ఇదొక్కటే. 2018లో ఎపిడియోలెక్స్ పేరుతో లెనాక్స్-గాస్టోకి, డ్రావే సిండ్రోమ్ అనే ఇంకో మొండి మూర్ఛకి, 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు జబ్బుతో వచ్చే ఫిట్స్‌కి అనుమతి వచ్చింది.

ఆ మందు రాయించుకోకముందు మేము ఆన్‌లైన్‌లో ఒక సీసా కొన్నాం. పైన హెంప్ (గంజాయి జాతి మొక్కే) ఆయిల్ అని ఉంది. తీరా చూస్తే అది గింజల నూనె, అందులో సీబీడీ లేనట్టే. తర్వాత కొన్న ఇంకో సీసా మొత్తంలో ఉన్న సీబీడీ 300 మిల్లీగ్రాములు. అప్పుడు మావాడి బరువు 24 కిలోలు. డాక్టరు మొదట రాసిన మోతాదు కిలోకి 5 మిల్లీగ్రాములు, అంటే రోజుకి 120. తర్వాత దాన్ని 240 చేశారు. నెలంతా చుక్కలు చుక్కలుగా వేసిన సీసాలో ఉన్నది ఒక్క రోజు మందుకి కాస్త ఎక్కువ, అంతే.

అసలు మందు మొదలుపెట్టాక రెండో వారానికి వాడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే కునికేవాడు. మత్తెక్కదన్నారు కదా అని నాకు ఒకటే టెన్షన్. అప్పటికే క్లోబజామ్ అనే ఇంకో ఫిట్స్ మందు కూడా వేస్తున్నాం. ఆ మందు నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం త్వరగా విరిగిపోకుండా సీబీడీ అడ్డుకుంటుందని, అది రక్తంలో పేరుకుని నిద్ర తెప్పిస్తోందని న్యూరాలజిస్టు చెప్పారు. క్లోబజామ్ తగ్గించాక తేరుకున్నాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుప్పకూలే ఫిట్స్ పూర్తిగా పోలేదు, సగానికి తగ్గాయి. ఇప్పుడు ఇంట్లో హెల్మెట్ లేకుండా తిరుగుతున్నాడు. కాలేయం పరీక్షలు మాత్రం చేయిస్తూనే ఉన్నాం.

సీబీజీ నేను వాడలేదు. మొక్కలో ముందు తయారయ్యేది దాని ఆమ్ల రూపమే, అందులోంచే టీహెచ్‌సీ, సీబీడీల ఆమ్ల రూపాలు పుడతాయి. పూత ముదిరేసరికి మిగిలేది కొంచెమే కాబట్టి ధర ఎక్కువ. మనుషుల మీద జరిగిన పరీక్షలు చాలా తక్కువ.

సీబీఎన్ అంటే గాలికీ వెలుతురుకీ పాతబడ్డ టీహెచ్‌సీ అనుకోండి. మోతాదు పెరిగితే దీనికి కొద్దిగా మత్తు ఉండొచ్చు, కాబట్టి పూర్తిగా మత్తులేనిది అనలేం. నిద్రకని గమ్మీలుగా (నమిలే మిఠాయి బిళ్లలు) అమ్ముతారు. బాబు కోసం రాత్రుళ్లు మేలుకుని నిద్ర చెడినప్పుడు నేను కొన్నాళ్లు తిన్నాను, నిద్ర పట్టింది. కానీ లేబుల్ చదివితే అందులో నిద్ర హార్మోన్ మెలటోనిన్ కూడా ఉంది. నిద్ర దేనివల్ల పట్టిందని చెప్పను?

లేబుల్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ సరుకులు పరీక్షిస్తే లేబుల్‌కి సరిపోయినవి 26. పద్దెనిమిదింట్లో టీహెచ్‌సీ కనబడింది. ఉద్యోగంలో డ్రగ్ టెస్ట్ ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇక అమ్మగారి సంగతి. 2023లో వియన్నా డాక్టర్ల పరీక్ష ఒకటి వచ్చింది. మోకాలి అరుగుదల ఉన్నవాళ్లకు పారాసిటమాల్‌తో పాటు రోజుకి 600 మిల్లీగ్రాముల సీబీడీ ఇచ్చారు. ఉత్త పారాసిటమాల్ వాడినవాళ్ల కంటే నొప్పి ఏమీ ఎక్కువ తగ్గలేదు. అంత మోతాదుకే ఫలితం లేనప్పుడు 25 మిల్లీగ్రాముల గమ్మీ మీద ఆశ పెట్టుకోవద్దని నా మాట.

సూట్‌కేసులో మాత్రం అస్సలు పెట్టకండి. మన దేశపు 1985 మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) పూతనీ బంకనీ గంజాయిగానే చూస్తుంది. పూత లేకుండా ఉన్న ఆకులకు, గింజలకు మాత్రమే మినహాయింపు. విమానాశ్రయంలో మత్తెక్కదని వాదిస్తే వినేవాళ్లుండరు.

అమ్మగారు గుండెకి వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసే మందు) ఏమైనా వాడుతున్నారా? సీబీడీ దాని బలాన్ని పెంచి రక్తస్రావం దాకా తేగలదు. అక్కడే ఎవరైనా ఆకు మందో నూనో ఇస్తామన్నా, ముందు ఆవిడ మందుల చీటీ తెప్పించి డాక్టరుకి చూపించండి.