జ్వరం తగ్గింది కానీ దగ్గు పోలేదు, పసిపాపను చూడటానికి వెళ్లవచ్చా?

దగ్గును బట్టి రోజులు లెక్కపెట్టకండి. ఫ్లూ మొదలై ఆరు రోజులైందని, మాత్ర వేసుకోకుండానే రెండు రోజులుగా జ్వరం లేదని, దగ్గు మాత్రం వదలడం లేదని రాశారు. రెండు నెలల మనవరాలి దగ్గరికి వెళ్లవచ్చా అన్నది మీ ప్రశ్న. నేను డాక్టర్‌ను కాను. ఈ విషయంలో ఒకసారి తొందరపడి, ఒకసారి అతిగా భయపడి, రెండు రకాల తప్పులూ చేసినదాన్ని.

ముందు తొందరపాటు సంగతి. ఫ్లూ వచ్చిన రెండో రోజు ఉదయం పారాసిటమాల్ వేసుకున్నాను. గంటలో ఒళ్లంతా చెమట పట్టి, థర్మామీటర్ 98.4 చూపించింది. తగ్గిపోయిందనుకుని మా అత్తగారి కళ్లలో మందు చుక్కలు వేయడానికి కూర్చున్నాను. ఆవిడ రెప్ప పైకెత్తి పట్టుకుని, జానెడు దూరంలో నా ముఖం పెట్టి, ఒక్కో చుక్కా జాగ్రత్తగా వేశాను. సాయంత్రం మాత్ర పని అయిపోగానే నాకు మళ్లీ 102. మూడో రోజుకు ఆవిడకూ జ్వరం వచ్చింది. చుక్కలు వేసిన శ్రద్ధలో కాస్త మాస్క్ మీద పెట్టి ఉంటే బాగుండేది.

పారాసిటమాల్ ఒంటి వేడిని దించుతుంది, వైరస్ జోలికి పోదు. అందుకే మాత్ర సాయం లేకుండా కనీసం 24 గంటలు జ్వరం రాకపోతేనే తగ్గినట్టు. మీరు ఆ గడప దాటారు.

ఫ్లూ లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటుతుంది. మొదటి మూడు రోజులు ఉద్ధృతంగా ఉండి, సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల్లో సద్దుమణుగుతుంది. పిల్లల్లోనూ రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారిలోనూ పది రోజులు దాటినా ఆశ్చర్యం లేదు. కోవిడ్ అయితే లక్షణాలకు ఒకటి రెండు రోజుల ముందు మొదలై ఎనిమిది, పది రోజుల దాకా సాగవచ్చు. మామూలు జలుబు కూడా మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువగా పాకుతుంది. ఇవన్నీ ఉజ్జాయింపు లెక్కలే. ఏడో రోజు అర్ధరాత్రి దాటగానే వైరస్ సర్దుకుని వెళ్లిపోదు.

ఇక దగ్గు. నాకు అది ఐదు వారాలు ఉంది. అత్తగారి విషయంలో జరిగినదానికి భయపడి మూడు వారాలు వేరే గదిలో ఒంటరిగా భోజనం చేశాను. నేను దగ్గితే చాలు, మా అబ్బాయి పుస్తకాలు తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయేవాడు. చివరికి డాక్టర్ దగ్గరికి వెళితే, వైరస్ పోయినా అది గాయపరిచిన శ్వాసనాళాల పొర మానడానికి సమయం పడుతుందని, అందాకా చల్లగాలి తగిలినా దగ్గు వస్తుందని చెప్పారు. ఇలాంటి దగ్గు మూడు నుంచి ఎనిమిది వారాలు ఉండటం మామూలేనట. కోవిడ్ తర్వాత పీసీఆర్ పరీక్షలో వారాల తరబడి పాజిటివ్ రావడమూ ఇలాంటిదే. దొంగ పోయినా అడుగుజాడలు మిగిలినట్టు, అక్కడ దొరికేవి తరచుగా వైరస్ తునకలే.

పసిపిల్లలు, ముసలివాళ్లు లేని ఇంటికి వెళ్లాలంటే ఇప్పుడే వెళ్లమనేదాన్ని. కానీ ఆరు నెలలు నిండని పిల్లలకు ఫ్లూ టీకా కూడా వేయరు, వాళ్లకు జబ్బు చేస్తే తీవ్రమయ్యే అవకాశమూ ఎక్కువ. అందుకే ఇంకో మూడు నాలుగు రోజులు ఆగండి. ఈలోగా జ్వరం తిరగబెడితే ప్రయాణం మానుకోవలసిందే. వెళ్లాక సబ్బుతో చేతులు కడుక్కుని, మాస్క్ పెట్టుకుని ఎత్తుకోండి. ముద్దులు మాత్రం దగ్గు తగ్గేదాకా వద్దు, కష్టమే అనుకోండి. తల్లిదండ్రులకు విషయం ముందే చెప్పి వెళ్లండి. మూడు నెలల లోపు పాపకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే ఇంట్లో మందులు వేస్తూ చూడకూడదు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.