ఒడ్డున ఇల్లు, నీళ్ళలో ఇల్లు

చిరంజీవి తల్లికి,

మీ పెద్దమ్మ ఆశీస్సులు.

ఇటలీలో వెనిస్ దగ్గరి బురానో దీవిలోని రంగురంగుల ఇళ్ళను వాటర్ కలర్‌తో వేసి నువ్వు పంపిన బొమ్మ తీరిగ్గా చూశాను. ఇళ్ళు చక్కగా కుదిరాయి. పసుపు గోడ పక్కనే నీలం గోడ వేసి, కిటికీ చట్రాలకు కాగితం తెలుపే వదిలేశావు చూడు, అది నాకు చాలా నచ్చింది. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పైనున్నదంతా, కిటికీ చువ్వలతో సహా, తలకిందులుగా మళ్ళీ వేశావు. దాంతో ఇళ్ళు రెండు వరుసలయ్యాయి, నీళ్ళు లేకుండా పోయాయి.

నీళ్ళలో కనిపించేది పై ఇంటికి నకలు కాదమ్మా. నీ కన్ను నీటిమట్టానికి ఎంత ఎత్తులో ఉందో, అంతే లోతు నుంచి చూస్తే ఇల్లు ఎలా ఉంటుందో అలా కనిపిస్తుంది. అందుకే పైన మనకు కనబడని బాల్కనీ అడుగుభాగం, వంతెన కమాను లోపలి వైపు నీళ్ళలో కనబడతాయి. వెనకాల దూరంగా ఉన్న గంట గోపురం పైన సగం కనిపించినా, నీళ్ళలో ముందు వరుస ఇళ్ళ చాటుకు పోతుంది. నీ బొమ్మలో గోపురం నీళ్ళలోనూ అంతే పొడుగ్గా ఉంది, అక్కడే తేడా కొట్టింది.

కొలత ఎప్పుడూ నీటిమట్టం నుంచి మొదలుపెట్టు, ఇంటి గడప నుంచి కాదు. ఒడ్డున గట్టు ఉంటుంది కదా, ముందు దాని ప్రతిబింబం వస్తుంది, ఆ తర్వాతే ఇంటిది. చాలామంది గట్టును మర్చిపోతారు, ఇల్లు నీళ్ళలో తేలుతున్నట్టు అయిపోతుంది. గోడ అంచు ఎక్కడుందో దాని ప్రతిబింబం సూటిగా ఆ కిందే ఉండాలి. ఇంతకు మించి స్కేలు పట్టుకోనక్కర్లేదు.

అసలు కష్టమంతా రంగు దగ్గరే. నీరు తన మీద పడిన వెలుగునంతా తిప్పి పంపదు. నిటారుగా కిందికి చూస్తే తిరిగొచ్చేది 2 శాతమే. చూపు ఏటవాలుగా వెళ్ళేకొద్దీ అది పెరుగుతుంది. కాబట్టి గట్టు దగ్గరి నీళ్ళలో ఇళ్ళ రంగులు బాగా తెలుస్తాయి. నీ కాళ్ళ దగ్గరికి వచ్చేకొద్దీ నీటి సొంత రంగు, ఆ ఆకుపచ్చో బూడిదో, పైకి తేలుతుంది. కాగితం కింది అంచు చేరేసరికి ఇళ్ళ రంగు అందులో కలిసిపోనివ్వు. లేత గోడ నీళ్ళలో ఒక మెట్టు ముదురవుతుంది. చీకటి తలుపు ఒక మెట్టు తేలికవుతుంది. బొమ్మ మొత్తంలో అన్నిటికన్నా తెల్లనిదీ, అన్నిటికన్నా నల్లనిదీ ఒడ్డునే ఉంచు.

ముందు ఇళ్ళన్నీ పూర్తిచేసి, తర్వాత నీళ్ళ సంగతి చూద్దామనుకోకు. గోడకు రంగు కలిపినప్పుడే, నీళ్ళలో దాని ప్రతిబింబానికి కావలసిన జోడీ రంగు కూడా ప్యాలెట్ మీద పక్కన కలిపి పెట్టుకో. పసుపుకు రవ్వంత ఊదా, ఎరుపుకు రవ్వంత ఆకుపచ్చ కలిపితే చాలు, మెరుపు తగ్గుతుంది. నలుపు కలపకు, రంగు చచ్చిపోతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందం, కాస్త గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్ పేపర్ అయితే తడిని తట్టుకుంటుంది. నీళ్ళ భాగమంతా తడిపి, ఆ రంగుల్ని పైనుంచి కిందికి లాగు. పక్క రంగులు ఒకదాంట్లో ఒకటి దిగినా కంగారుపడకు, మనకు కావలసింది అదే. తడి మెరుపు పోయి ఇంకా చెమ్మ ఉండగానే, పిండిన ఫ్లాట్ బ్రష్‌తో అడ్డంగా రెండు మూడు గీతలు రంగు ఎత్తెయ్యి. నీలాల్లో అల్ట్రామెరీన్, కోబాల్ట్ అలా బాగానే లేస్తాయి. థాలో బ్లూ కాగితాన్ని పట్టేసుకుంటుంది, దాన్ని ఇక్కడ వాడకపోవడమే మంచిది.

అలలు బాగా ఆరాక వెయ్యి. దగ్గరివి వెడల్పుగా, ఎడంగా. దూరానివి సన్నగా, దగ్గరదగ్గరగా. నీరు కదులుతున్నప్పుడు ప్రతిబింబం ఇంటి ఎత్తును దాటి నీ వైపు సాగుతుంది. ఆ సాగిన చివరలో రంగు ముక్కలుముక్కలుగా విడిపోవాలి.

1872 ప్రాంతంలో ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మొనే వేసిన, పారిస్ దగ్గరి ఆర్జెంతాయ్ ఊరి పడవ పందేల బొమ్మ చూడు, పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. ఒడ్డున ఎర్రకప్పు ఇల్లు ఉంటుంది. నీళ్ళలో దాని ఎరుపు వెడల్పాటి అడ్డగీతలుగా విడిపోయి ఉంటుంది. అక్కడ కిటికీ లేదు, తలుపు లేదు, అయినా అది ఆ ఇల్లేనని చూడగానే తెలుస్తుంది. మొనేయే 1908లో వెనిస్ వెళ్ళినప్పుడు కాలువ ఒడ్డున ఒక భవనాన్ని వేస్తూ దాని పైభాగాన్ని కాన్వాస్ అంచుకే కోసేశాడు. నువ్వూ అలా తెగించాలని నా కోరిక. ఒడ్డు గీతను కాగితం సరిగ్గా నడిమధ్యలో పెట్టకు. ఇళ్ళు ఎక్కువ కావాలో, నీళ్ళు ఎక్కువ కావాలో ముందే తేల్చుకో.

ఈసారి మూడు ఇళ్ళే చిన్న కాగితం మీద వెయ్యి, నీళ్ళలో ఒక్క కిటికీ కూడా లేకుండా. తడి మీద రంగు ముదురుగా ఉంటుంది, ఆరితే తేలిపోతుంది. అందుకని పూర్తిగా ఆరాకే ఫోటో తీసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ