అల్లుడూ, కెమెరా మార్చేముందు జర ఇది సదువు

అల్లుడూ,

శ్రావణం ముహూర్తాలు షురూ కాకముందే కొత్త కెమెరా తీసుకుంటనని రాత్రి మెసేజ్ పెట్టినవ్ గదా, ఫోన్ల అయితే సగం చెప్పి సగం మర్చిపోతనని ఇట్ల కూసోని రాస్తున్న.

ముందుగాల ఒక్కటి చెప్పు, పోయిన సీజన్ల నీ కెనాన్ 1500డి కెమెరా తోని ఏ ఫోటో తియ్యలేకపోయినవ్? మెగాపిక్సెల్ సాలుతలేవంటే మాత్రం నేను ఒప్పుకోను. నీదాంట్ల 24 ఉన్నయి, ఫోటో 6000 ఇంటూ 4000 పిక్సెల్ వస్తది, 12 ఇంటూ 18 అంగుళాల ప్రింటుకు 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 5400 ఇంటూ 3600 సాలు, ఇంకా మిగుల్తది కూడ.

రాత్రి బరాత్ల ఫోటోలు గింజలు గింజలు వస్తున్నయంటవా, అది నిజమే, నేను జూసిన. కానీ తప్పు లెన్సుది బిడ్డా. కెమెరా తోని వచ్చిన 18-55 లెన్సును 55 కాడికి తిప్పితే ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుసుకోదు (ఈ అంకె ఎంత తగ్గితే లెన్సు అంత ఎక్కువ తెరుసుకుంటది), అదే 50 ఎంఎం 1.8 లెన్సు పెడితే దాదాపు 10 రెట్ల వెలుతురు లోపటికొస్తది, అంటే 6400 ఐఎస్ఓ పెట్టేకాడ 640 తోని పనైతది, ఐఎస్ఓ పెంచితేనే గదా గింజలొచ్చేది. స్టేజి మీద గ్రూపు ఫోటోకు అది పనికిరాదు, దగ్గరికైపోతది, దానికి పాతదే వాడు.

ఇగ బాడీ, అంటే లెన్సు కాకుండ ఉత్త కెమెరా, మార్చుడు ఎప్పుడంటే, పైసలు తీసుకోని పెళ్లిళ్లు ఒప్పుకునుడు మొదలైనప్పుడు. నీదాంట్ల కార్డు ఒక్కటే పడ్తది. నకిరేకల్ దిక్కు ఒక పెళ్లిల నా కార్డు ఖరాబై తలంబ్రాల ఫోటోలన్నీ పోయినయి, ఆ పిల్ల తండ్రి ఏమనలేదు, ఊకెనే నా దిక్కు జూసిండు, ఆ సూపు ఇప్పటికీ మర్చిపోలేదు నేను. అందుకే రెండు కార్డులు పట్టే బాడీ తీస్కో అంటున్న, ఒకదాంట్ల పోయినా ఇంకోదాంట్ల ఉంటయి.

సెకండ్ హ్యాండ్ల కెనాన్ 5డి మార్క్ 3 దొరికితే సూడు, రెండు కార్డులు పడ్తయి, షటర్ 1,50,000 క్లిక్కుల లెక్కన చేసింది, ఎన్ని కొట్టిన్రో అడగకుండ పైసలియ్యకు. ఇంకోటి, నీ 18-55 దానికి ఎక్కదు, ఫుల్ ఫ్రేమ్ అది, అంటే లోపట సెన్సర్ నీదానికన్నా పెద్దది. 50 ఎక్కుతది. గందుకే ముందు లెన్సు, తర్వాత బాడీ. లెన్సుల బూజు పట్టిందేమో టార్చి కొట్టి సూడు, వానకాలంల మస్తు పడ్తది.

ఇప్పుడు ఆషాఢమే, పెళ్లిళ్లు లెవ్వు. ఆదివారం పొద్దుగూకేటాల్లకు పానగల్ ఛాయా సోమేశ్వరం గుడికాడికి రా, నా 50 ఎంఎం నెల దినాలు నీకాడ్నే పెట్టుకో.

మీ మామ