దారం కట్టిన కళ్లజోడు

తమ్ముడూ,

నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. రాయగలవు, అందులో అనుమానం లేదు. కానీ చూసేవాళ్లు ఎక్కడ ఏడవాలో, ఎంతసేపు ఏడవాలో కూడా నువ్వే రాసేశావు. వాళ్లకేం మిగిల్చావు?

కొత్తలో నేనూ అంతే. ఓ సినిమాలో తండ్రి పోయిన మర్నాటి సీనుకి కొడుకు చేత మూడు పేజీలు మాట్లాడించాను. నాలుగు రాత్రులు కూర్చుని రాసిన డైలాగులవి. ఎడిటింగులో మొత్తం ఎగిరిపోయాయి. మిగిలింది ఒక్క షాటు. బల్ల మీద తండ్రి కళ్లజోడు, ఊడిన కాడకి నల్లదారం కట్టి ఉంటుంది. కొడుకు దాన్ని తీసి, చొక్కా అంచుతో అద్దాలు తుడిచి, మళ్లీ అక్కడే పెడతాడు. అంతే. వారం రోజులు ఎడిటర్‌తో మాట్లాడలేదు.

విడుదలయ్యాక వెళ్లి హాల్లో ఓ పక్కగా నిలబడ్డాను. తెర వైపు కాదు, జనం వైపు తిరిగి. (నువ్వూ అలవాటు చేసుకో.) ఆ షాటు దగ్గర ఓ పెద్దావిడ తల తిప్పకుండానే పక్కనున్న కొడుకు చెయ్యి పట్టుకుంది. మాకు ఆ షాటంటే అద్దాల్లో లైటు మెరుస్తోందని తీసిన పదకొండు టేకులు, దారం మరీ కొత్తగా ఉందని దాన్ని మసిలో రుద్దిన ఆర్ట్ అసిస్టెంటు. ఆవిడకి మాత్రం అది వాళ్లింట్లో కళ్లజోడే.

1920 ప్రాంతంలో రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ ఓ తమాషా చేశాడు. ఏ భావమూ లేని ఒకే ముఖాన్ని ఒకసారి శవపేటికతో, ఒకసారి సూపు గిన్నెతో అతికించి చూపించాడు. ఆ నటుడి దుఃఖం, ఆకలి ఎంత బాగున్నాయోనని జనం మెచ్చుకున్నారట!

రీలు రోజుల్లో సెకనుకి 24 బొమ్మలు కదిలేవి కదా. ఒకటి జరిగి ఇంకోటి వచ్చేలోగా ప్రొజెక్టరులో తిరిగే రేకు, షట్టరు, వెలుగుని ఆపేసేది. అలా రెండు గంటల సినిమాలో దాదాపు గంటసేపు తెర మీద ఏమీ ఉండేది కాదు. ఆ ఖాళీని కళ్లు, మనసు పూడ్చుకునేవి. ఇది తెలిశాక నా మూడు పేజీల బాధ కొంత తగ్గింది, పూర్తిగా కాదులే.

నీ పన్నెండో సీనులో ఆ అమ్మ ఫోన్ పెట్టేశాక మాట్లాడే మాటలన్నీ కొట్టేసి చూడు. కడుపు మండుతుంది, తెలుసు. సరిచేసి పంపితే మా ఎడిటర్‌కీ చూపిస్తాను. ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం.

ఉంటాను,
అన్నయ్య