మొదటి రైఫిల్ కొనబోతున్న మేనల్లుడికి

చి. వంశీకి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు తుపాకీ కొంటున్నాడటరా, నువ్వేగా వాణ్ని చెడగొట్టింది" అని మొదలుపెట్టి చాలాసేపు తిట్టింది. అక్క తప్పేం లేదు. ఖమ్మంలో పెరిగిన మనిషికి తుపాకీ అంటే పోలీసుల చేతిలో ఉండాలి, లేదంటే అన్నల చేతిలో. మామూలు ఉద్యోగస్తుడు షాపుకెళ్లి కార్డు గీకి తుపాకీ కొనుక్కోవచ్చంటే ఆవిడకి నమ్మకం కుదరదు. అదీగాక మన దగ్గర 1972 చట్టం వచ్చాక వేట అంటే జైలే. ఇక్కడ అమెరికాలో, మన కొలరాడో రాష్ట్రంలో లైసెన్సు, ట్యాగ్ (ఒక జంతువుని కొట్టడానికిచ్చే అనుమతి చీటీ), సీజన్ అన్నీ ఉంటాయని, వన్యప్రాణుల్ని చూసుకునే శాఖ చాలావరకు ఆ లైసెన్సు డబ్బుల మీదే నడుస్తుందని చెప్పాను. అంతా విని "అయితే మాత్రం!" అంది.

నాకు మాత్రం లోపల సంతోషంగానే ఉంది. మన పిల్లల్లో వీకెండ్ అంటే కాస్ట్‌కో, పాట్‌లక్ కాకుండా కొండెక్కుదామనుకున్నవాడు ఒకడు తేలాడు. అయితే నువ్వు పంపిన ఆ లింకు చూశాక నిద్ర పట్టలేదు. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, పైన స్కోప్ (గురి చూసే దుర్బీను) ఫ్రీ, "ఎల్క్ స్పెషల్", అంటే ఎల్క్ అనే పెద్ద జింక వేటకని. దాని జోలికి పోకు. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు చిన్న విషయాలు.

హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తిచేసి కార్డు దగ్గర పెట్టుకో. 1949 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లకి అది లేకుండా ఇక్కడ లైసెన్సు రాదు. కొలరాడోలో డబ్బు కట్టాక కూడా మూడు రోజులు ఆగాలి, కాబట్టి సీజన్ ముందు శుక్రవారం షాపుకి పరిగెత్తకు. మెరిసే నారింజ రంగువో గులాబీ రంగువో చొక్కా, టోపీ తప్పనిసరి. బండిలో ఉన్నప్పుడు చాంబర్‌లో తూటా ఉండకూడదు. ఇవన్నీ క్లాసులో చెప్తారు.

క్లాసులో చెప్పనిది ఒకటుంది. నీకు గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి నువ్వు కొనుక్కోవచ్చు. మీ ఇంటికి ఆదివారం వచ్చే ఆ ముగ్గురు కుర్రాళ్లూ హెచ్‌1బి మీద ఉన్నారు. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, వాళ్ల దగ్గర అది లేదు. "ఒక్కసారి పట్టుకుంటా బావా, ఒక్క ఫొటో" అంటారు. ఇవ్వకు. ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లోకి వెళ్లి, ఎవడి చేతిలోనో పడి, ఆ కుర్రాడి వీసాకి ఎసరు పెడితే వాడి తల్లిదండ్రులకి ఏం సమాధానం చెప్తావు? మొహమాటపడకు. వాళ్లు నన్ను తిట్టుకున్నా పరవాలేదు, నా పేరే చెప్పు, "మామయ్య ఒప్పుకోడు" అను.

ఇంకొకటి, బుజ్జిది. మూడేళ్ల పిల్ల. కుర్చీ లాక్కుని ఎక్కి ఫ్రిజ్ మీద చాక్లెట్లు తీసిన సంగతి మీ ఆవిడే చెప్పింది. పిల్లల చేతికి అందే అవకాశం ఉన్న ఇంట్లో తుపాకీకి తాళం వేసి ఉంచాలని 2021 నుంచి ఇక్కడ చట్టమే ఉంది. షాపువాడు తాళం ఇస్తాడు కూడా. అది చాలదు. ఇనప సేఫ్ ఒకటి కొను, గోడకి బిగించు, తూటాలు వేరే గదిలో వేరే తాళం కింద పెట్టు. రైఫిల్ ఇంటికి రాకముందే సేఫ్ రావాలి. బడ్జెట్‌లో మొదటి పద్దు అదే, తుపాకీ కాదు.

ఇప్పుడు తుపాకీ. నీ దగ్గర సేఫ్ పోను 1200 డాలర్లు ఉన్నాయన్నావు. బోలెడు. బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ చేత్తో గడియ లాగి కాల్చేది) తీసుకో, ఇంకోటి చూడకు. రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్, మాస్‌బర్గ్ పేట్రియట్ ఈ మూడూ 400 నుంచి 600 లోపు దొరుకుతాయి. ప్లాస్టిక్ స్టాక్ (భుజానికి ఆనించే భాగం), కాస్త గరుకైన బోల్ట్, చూడ్డానికి అందంగా ఉండవు. కానీ ఈ రోజుల్లో ఆ ధరకొచ్చే రైఫిల్ నీకన్నా నాకన్నా సూటిగా కాలుస్తుంది. టిక్కా కంపెనీది చేతిలోకి తీసుకుంటే మాత్రం దాని బోల్ట్ నూనె రాసినట్టు జారుతుంది, మనసు లాగుతుంది. అది 800 పైమాటే. మనసు లాగినా ఈసారికి వద్దు, ఆ తేడా డబ్బుకి వేరే పని ఉంది.

నీ ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. షాపులో ఉండేవి ఎక్కువగా ఆరడుగులవాళ్లకి కుదిరేలా ఉంటాయి. అందుకని షాపుకి వెళ్లేటప్పుడు చలికోటు వేసుకునే వెళ్లు, ఆగస్టులో అయినా సరే, వాళ్లు నవ్వితే నవ్వనీ. నవంబరులో అదే కోటు మీద భుజానికి ఆనించాలి, దాని మందం స్టాక్ పొడవుకి కలుస్తుంది. కళ్లు మూసుకుని రైఫిల్ ఎత్తి చెంపకి ఆనించు. అప్పుడు కళ్లు తెరువు. స్కోప్‌లో గుండ్రటి బొమ్మ నిండుగా కనిపించాలి. మెడ సాచి వెతుక్కోవాల్సొస్తే, అంచున నల్లటి నీడ కనిపిస్తే, అది నీ తుపాకీ కాదు. రూగర్‌లోనూ ఇంకొన్నింట్లోనూ కాంపాక్ట్ అని పొట్టి స్టాక్ ఉన్న మోడల్ ఉంటుంది. అడగడానికి సిగ్గుపడకు.

కాలిబర్, అంటే తూటా లావు, దాని దగ్గర అందరూ నీ బుర్ర తింటారు. చట్టం కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలంటుంది, ఎల్క్‌కి తూటా బరువు 85 గ్రెయిన్లకి (సుమారు ఐదున్నర గ్రాములు) తగ్గకూడదంటుంది. ఆ లెక్కన .243 కూడా పాసే, జింకకి బ్రహ్మాండం. కొత్తవాడి చేతిలో ఎల్క్‌కి మాత్రం నేను ఒప్పుకోను. మ్యూల్ డీర్, అంటే ఇక్కడి జింక, రెండొందల పౌన్ల జంతువు, మగ ఎల్క్ ఏడొందల పౌన్లు. రెండింటికీ ఒకటే కావాలి కాబట్టి 6.5 క్రీడ్‌మోర్, 7ఎంఎం-08, .308, .270 ఈ తూటా రకాల్లో ఏదైనా సరే. .30-06 1906 నుంచి ఉంది, దానితో పడని ఎల్క్ లేదు, కాకపోతే తేలిక రైఫిల్‌లో నీ భుజానికి కొంచెం ఎక్కువ. నా ఓటు .308కి. ఏ మారుమూల ఊళ్లో తూటాలు మర్చిపోయినా అక్కడి హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. అది గట్టిగా తన్నుతోందనిపిస్తే 6.5 తీసుకో, నామోషీ ఏం లేదు.

.300 మాగ్నమ్ ఎందుకొద్దన్నానో ఇప్పుడు చెప్తాను, తీరిగ్గా చదువు.

మా పాత ఆఫీసులో నెల్లూరాయన ఒకాయన ఉండేవాడు. మంచి మనిషి, చేతికి ఎముక లేదు, ఏది కొన్నా పెద్దదే కొంటాడు. ఎల్క్ ట్యాగ్ వచ్చిందనగానే వెళ్లి .300 మాగ్నమ్ తెచ్చాడు. "పెద్ద జంతువు కదండీ, పెద్దదే ఉండాలి" అని షాపులో చెప్పారట. తూటాలు ఖరీదు కాబట్టి రేంజ్‌లో, అంటే కాల్చడం ప్రాక్టీసు చేసే చోట, ఒక్క డబ్బా కాల్చాడు. భుజం నల్లగా కమిలింది. అది మాకందరికీ చూపించి మురిసిపోయాడు కూడా. ఆ తర్వాత సీజన్ దాకా దాన్ని ముట్టుకోలేదు.

మీకర్ ఊరి పైన, ఫ్లాట్ టాప్స్ కొండల వైపు వెళ్లాం. వైట్ రివర్ మంద ఉండే చోటు, ఎల్క్‌కి కొదవలేదు. రెండో రోజు సాయంత్రం ఆస్పెన్ చెట్ల అంచున మగ ఎల్క్ ఒకటి బయటికొచ్చింది. నూట యాభై గజాలు, పక్కకి తిరిగి నిలబడింది. అంతకన్నా మంచి అవకాశం ఎవరికీ రాదు. నేను బైనాక్యులర్‌లోంచి చూస్తున్నాను. పేలింది. ఎల్క్ వీపు విల్లులా వంచి, ముడుచుకున్నట్టు నాలుగడుగులు వేసి, నెమ్మదిగా చెట్లలోకి వెళ్లిపోయింది. గుండెకో ఊపిరితిత్తులకో తగిలినది అలా నడవదు. పొట్టలో తగిలింది. అది నిలబడ్డ చోట మంచు మీద రక్తం కొంచెమే ఉంది. దాంట్లో నమిలిన గడ్డి పచ్చగా కలిసుంది.

వెంటనే వెంటపడితే అది మైళ్లు పరిగెడుతుంది. గంటలకొద్దీ ఆగాలి. ఆగాం. చీకటి పడింది, పైనుంచి మంచు మొదలైంది. హెడ్‌ల్యాంపులు పెట్టుకుని బయల్దేరేసరికి అడుగులన్నీ పూడిపోయాయి. మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పడిపోయిన చెట్ల మధ్య పాకుతూ వెతికాం. దొరకలేదు. ఆయన ఎవరితో మాట్లాడలేదు. టెంటు బయట కూర్చుని తన ట్యాగ్ తానే చించేశాడు. అలా చించమని ఎవరూ అనలేదు. నా లెక్క అయిపోయిందండీ అన్నాడు. మర్నాడే కొండ దిగేశాం.

ఏం జరిగిందో తర్వాత రేంజ్‌లో తెలిసింది. ఆయన చూడకుండా మ్యాగజైన్‌లో నిజం తూటాల మధ్య పేలని ఉత్తి డమ్మీ ఒకటి కలిపి ఇచ్చాను. దాని వంతు వచ్చేసరికి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది అంతే. కానీ తుపాకీ మూతి చటుక్కున కిందికి కుంగింది, ఆయన రెండు కళ్లూ గట్టిగా మూతపడ్డాయి, భుజం ముందుకి పొడుచుకొచ్చింది. పేలుడు రాకముందే ఒళ్లు దెబ్బకి సిద్ధమైపోతోందన్నమాట. పేలిన ప్రతిసారీ అదే జరుగుతోంది, కాకపోతే ఆ కుదుపులో ఎవరికీ కనపడదు. పేలే క్షణంలో ఆ కుదుపు మూతిని రెండు మూడు మిల్లీమీటర్లు కదిలించినా చాలు, నూట యాభై గజాల దూరంలో అదే గుండెకి పొట్టకి మధ్య తేడా. ఆయన మళ్లీ వేటకి రాలేదు. రైఫిల్ అమ్మేశాడు.

నువ్వేం పిరికివాడివి కాదు, ఆయనా కాదు. కండలున్నవాడికీ ఇది వస్తుంది. పెద్ద తుపాకీ, తక్కువ ప్రాక్టీసు, ఈ రెండూ కలిస్తే వస్తుంది. అందుకే చెప్తున్నా, రైఫిల్‌కి 550 పెట్టు. స్కోప్‌కి 250 నుంచి 300. 3-9x40 (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపేది, 40 మిల్లీమీటర్ల అద్దం) చాలు, లూపోల్డ్‌లోనో వోర్టెక్స్‌లోనో మొదటి మెట్టువి తీసుకో. రైఫిల్‌తో ఉచితంగా వచ్చే స్కోప్‌ని నేను నమ్మను, నాలుగు పేలుళ్లకి గురి పక్కకి జరిగేవి చూశాను. స్కోప్‌ని పట్టి ఉంచే రింగుల స్క్రూలు టార్క్ రెంచ్‌తో బిగించాలి, అది నా దగ్గరుంది. మిగిలిన డబ్బంతా తూటాలకే. వేటకి బాండెడ్ బులెట్ (పై తొడుగుకి సీసం అతికించినది) గానీ రాగి బులెట్‌గానీ ఉన్న డబ్బా ఎంచుకుని, చివరికి గురి సరిచేసుకునేది కూడా దానితోనే చెయ్యి. కంపెనీ మారితే తగిలే చోటు మారుతుంది. మీ ఇంట్లో పసిపిల్ల తినే మాంసం కాబట్టి నన్నడిగితే రాగిదే, సీసం తునకల భయం ఉండదు.

బల్ల మీద ఆనించి కాల్చడం గురి సరిచేసుకోవడానికే. ఆ తర్వాత బల్ల వదిలెయ్. కూర్చుని, మోకాలి మీద, కర్రల మీద ఆనించి కాల్చు. నూరు గజాల దగ్గర అన్నం పళ్లెమంత చోట అన్నీ పడేదాకా, ఆ తర్వాత రెండొందల దగ్గర. ఎంత దూరంలో పళ్లెం తప్పుతోందో అదే నీ హద్దు. యూట్యూబ్‌లో వాడు ఆరొందల గజాల్లో కొట్టాడని నాకు చెప్పకు. చెవులకి మఫ్స్ కింద ప్లగ్స్ కూడా పెట్టు, రీకాయిల్ (తుపాకీ వెనక్కి తన్నే) భయంలో సగం ఆ చప్పుడే.

కొట్టడం దాకా బాగానే ఉంటుంది, ఎల్క్ పడ్డాకే అసలు పని మొదలవుతుంది. ముక్కలు చేసి వీపు మీద మోసుకొచ్చేసరికి నడుం విరుగుతుంది. దానికి నేనొస్తాను, మోకాళ్లు ఒప్పుకుంటే. తల పరీక్షకి ఇవ్వాలి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింక జాతికి వచ్చే జబ్బు ఉంది, 1967లో మా ఫోర్ట్ కాలిన్స్‌లోనే మొదటిసారి గమనించారు. రిజల్ట్ వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే ఉండాలి. మీ ఆవిడకి ముందే చెప్పు, ఆ రోజే వేపుడు చేసెయ్యకుండా.

వచ్చే శనివారం పొద్దున్నే మా ఇంటికి రా. నా .270 ఉంది, పక్కింటాయన .308 ఇస్తానన్నాడు, రెండూ కాల్చి చూడు. కాల్చకుండా ఏదీ కొనొద్దు. డమ్మీలు కలుపుతానని ఇప్పుడే చెప్తున్నా, అయినా నీకు తెలియకుండానే కలుపుతా. కళ్లు మూసుకున్నావా, మధ్యాహ్నం భోజనంలో నీకు ఉలవచారు లేదు.

మీరు అరోరాకి మారారు కదా, డ్రైవింగ్ లైసెన్సు మీద ఇంకా పాత అడ్రస్సే ఉందనుకుంటా. బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫారంలో ఇప్పుడున్న అడ్రస్సే రాయాలి, ఐడీ దానితో కలవకపోతే షాపువాడు తిప్పి పంపేస్తాడు. ఈ వారంలోనే మార్పించుకో. గ్రీన్‌కార్డు కూడా జేబులో పెట్టుకుని వెళ్లు, దాని మీది నంబరు అడుగుతారు.

ఇట్లు,
మామయ్య