నా చేతుల్లో ఏముందండీ?

ప్రశ్న: మాది కోనసీమలో కాలువ శివారు గ్రామం. మా నీటి సంఘానికి నేను అధ్యక్షుణ్ణి. సార్వాకు (తొలకరి వరి పంటకు) నీరు వదిలాక పై ఊళ్ళన్నీ ఊడ్పులు ముగించుకుంటే గాని మా నారుమళ్ళకు తడి అందదు. ఆలస్యంగా ఊడ్చిన చేను కోతకొచ్చే వేళకు తుపాను వానలు పడతాయి. మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క అల్లుకుపోయి నీరు లాగదు, చేలు వారం రోజులు మునిగే ఉంటాయి. రైతులు నన్ను అడుగుతారు, నేను నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని అడుగుతాను, ఆయన అంచనాలు పైకి పంపామంటారు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు నేనూ సార్వా వేయకుండా చేను ఖాళీగా వదిలేశాను. కమిటీ వచ్చింది, నివేదిక ఇచ్చింది, మా మురుగు మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు ఎవరు ఏమడిగినా ‘నా చేతుల్లో ఏముందండీ’ అన్న మాటే వస్తోంది. పదవి వదిలేయడమే మంచిదంటారా?
– ఒక నీటి సంఘం అధ్యక్షుడు, కోనసీమ

జవాబు: పదవి సంగతి తరువాత చూద్దాం. ముందుగా, మీ నిస్పృహను నేను బలహీనతగా చూడడం లేదని చెప్పాలి. అడిగిన ప్రతిసారీ ఒకే జవాబు విన్నవాడు కొంతకాలానికి అడగడం మానేస్తాడు. 1967 ప్రాంతంలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే పరిశోధకులు దీన్నే గమనించారు. ఏం చేసినా ఆగని విద్యుత్ ఘాతాలకు గురైన కుక్కలను, తరువాత చిన్న అడ్డును దాటితే చాలు తప్పించుకోగల చోట ఉంచినప్పుడు, వాటిలో చాలా భాగం దాటే ప్రయత్నమే చేయకుండా పడుకుండిపోయాయి. క్రూరమైన ప్రయోగమే, కాని దాని తరువాయి భాగం మీకు పనికొస్తుంది. అవతలి వైపు నుంచి పిలిచినా, తిండి చూపించినా ఆ కుక్కలు కదలలేదు. మెడకు తాడు కట్టి, అడ్డు దాటేలా మళ్ళీ మళ్ళీ లాగిన తరువాతే అవి తమంతట తాము దాటడం మొదలుపెట్టాయి. దాదాపు యాభై ఏళ్ళ తరువాత, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని సరిదిద్దుకున్నారు. ఎడతెగని కష్టంలో చేతులు ముడుచుకోవడం మనం నేర్చుకునేది కాదని, అది సహజంగా వచ్చే స్పందనేనని, మెదడు కొత్తగా నేర్చుకోవలసింది ‘నేను చేసిన పనికి ఫలితం ఉంది’ అన్న అనుభవాన్నేనని రాశారు. కాబట్టి ధైర్యవచనాలతో మీకు ఒరిగేది ఏమీ లేదు. మీ కాళ్ళు ఒకసారి అడ్డు దాటాలి, ఆ అడ్డు చిన్నదైనా సరే.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో సహకార సంఘం కార్యదర్శిగా పనిచేశాను. ఎరువు రావడం ఆలస్యమైన ఒక సార్వాలో రైతులు వరుసగా మూడు రోజులు వచ్చి వెనక్కి పోయారు. వచ్చిన ప్రతివారికీ ‘పైనుంచి రాలేదండి’ అని చెప్పాను, అది నిజం కూడా. మూడో రోజు ఒక పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, “పైవాళ్ళ సంగతి సరే బాబూ, ఎప్పుడొస్తదో కనుక్కుని ఆ గోడ మీద రాయడానిక్కూడా పైవాళ్ళే రావాలా?” అన్నాడు. కోపంగా అనలేదు. నా బల్లకు మూడడుగుల దూరంలో నల్లబల్ల ఉంది, దాని మీద పాత సీజను ధరలు అలాగే ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే గోదాముకు ఫోన్ చేసి, లారీ బయలుదేరే రోజు కనుక్కుని, ఎన్ని బస్తాలో, ఏ వరుసలో ఇస్తామో దాని మీద రాశాను. ఎరువు ఒక్క గంట కూడా ముందు రాలేదు. కాని నలభై మంది రైతులకు అనవసరపు తిరుగుడు తప్పింది. నా అధికారంలో లేనిదాన్ని చూపించి, ఉన్నదాన్ని కూడా వదిలేశానని ఆ రోజు తెలిసి సిగ్గుపడ్డాను.

మీ కాలువ విషయంలో ఆ నల్లబల్ల ఏమిటో మీరే వెతకాలి. నీరు పారుతున్న రోజుల్లో ఒక వేకువన ఇద్దరు ముగ్గురు రైతులను వెంటబెట్టుకుని, జానల గుర్తులు పెట్టిన వెదురు కర్ర ఒకటి చేతబట్టి, మీ ఊరి చివరి బోదె (చేలకు నీరందించే పిల్లకాలువ) నుంచి పైకి నడవండి. ప్రతి తూము దగ్గరా నీటి లోతు కొలిచి పుస్తకంలో రాయండి. తలుపు విరిగిన తూము ఎక్కడుంది, పూడిక ఎక్కడ మేట వేసింది, గట్టుకు గండి కొట్టి అడ్డదారి గొట్టం ఎవరు వేశారు, ఎవరి చేను నిండి పొర్లి మురుగులో పడుతోంది, అన్నీ రాయండి. ఇంతకాలం ‘నీరు రావడం లేదు’ అన్న ఒక్క పెద్ద మాటగా ఉన్న కష్టం ఆ పుస్తకంలో పది పదిహేను చిన్న కష్టాలుగా విడిపోతుంది. వాటిలో కొన్ని మీరూ మీ రైతులూ పారలు పట్టుకుంటే ఒక పూటలో తీరేవి, కొన్ని పై ఊరి సంఘం వాళ్ళ అరుగు మీద కూర్చుని మాట్లాడితే తెగేవి. మిగిలినవి మాత్రమే శాఖవి.

1997 నాటి నీటి సంఘాల చట్టం ఈ పనిని మీకు హక్కుగానే ఇచ్చింది. మీ పరిధిలో వంతులవారీ నీటి పట్టిక వేయడం, తూముల మధ్య పంపకం చూడడం, నిర్వహణ పనుల ప్రణాళిక రాయడం, తగాదాలు తీర్చడం సంఘం బాధ్యతలే. ఈసారి కాలువలు కట్టేసిన వేసవిలో సర్వసభ్య సమావేశం పెట్టి, వంతుల పట్టికను అందరి ఎదుటా వేసి, గుడి గోడకు అంటించండి. మీ బంధువుల చేలకు కూడా ఆ పట్టికే వర్తించాలి, మీ చేనికి మరీ ముందుగా వర్తించాలి. శివారు ఊరిలో కూడా మళ్ళీ ఒక శివారు ఉంటుంది. పై ఊరి వాళ్ళు మీకు చేసిన అన్యాయమే మీ ఊళ్ళో చిట్టచివరి కౌలు రైతుకు జరుగుతోందేమో చూడండి. ఈ మాట కష్టంగా ఉండవచ్చు, అయినా నాయకుడిగా మీకు ముందు చెప్పవలసింది ఇదేనని నా నమ్మకం.

గుర్రపుడెక్కతో నిండిన మురుగు కాలువ నిజంగానే మీ చేతిలో లేదు. యంత్రాలు పెట్టి తవ్వి, సముద్రం మొగ దాకా పూడిక తీయవలసిన పనిని ఒక గ్రామ సంఘం మోయలేదు, మోయలేకపోయినందుకు మిమ్మల్ని మీరు నిందించుకోనూ కూడదు. అంతా మనసులోనే ఉంది, గట్టిగా అనుకుంటే ఏదైనా అవుతుంది అని చెప్పేవారి మాటలు నాకు నచ్చవు, మునిగిన చేను ముందు నిలబడినవాడికి అవి గాయం మీద కారం. అయితే అడిగే తీరు మాత్రం మీదే. ‘అంచనాలు పంపాం’ అని చెప్పినప్పుడు ఏ తేదీన, ఏ నంబరుతో, ఎంత మొత్తానికి పంపారో అడగండి. నోటిమాటగా చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. మునక వచ్చినప్పుడు ఏ చేలో ఎన్ని రోజులు నీరు నిలిచిందో ఆ కొలత పుస్తకంలోనే రాయండి. 2011 పంట విరామం డెల్టా కష్టాన్ని రాష్ట్రమంతా వినేలా చేసింది, దాన్ని వృథా అనడానికి నేను ఒప్పుకోను. ఆ గొంతుకు మీ ఊరి లెక్కలు కూడా తోడు కావాలి.

పదవి మాటకు వస్తే, ఒక సార్వా, ఒక దాళ్వా (రెండో పంట) ఈ పుస్తకం రాసి చూడండి. అప్పటికి కూడా వదిలేయాలనిపిస్తే వదిలేయండి, కాని ఆ పుస్తకాన్ని తరువాతి అధ్యక్షుడి చేతిలో పెట్టండి.

ప్రశ్న: నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో షిఫ్టు సూపర్‌వైజరుని. ఐసు చాలక సరుకు మెత్తబడినా, గ్రేడింగులో కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) తప్పినా పై అధికారులు నన్నే అంటారు. బాధ్యత తీసుకోవడమంటే అన్నీ నెత్తిన వేసుకోవడమేనా?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి

జవాబు: కాదమ్మా. కౌంటు తప్పడం మీ బల్లల దగ్గర జరిగింది గనక, ఎవరి చేతిలో తప్పిందో పైకి చెప్పకుండా ‘నా షిఫ్టులో జరిగింది’ అని ఒప్పుకోండి. తరువాత ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, కాటా దగ్గర నిలబడి కిలోకు ఎన్ని తూగుతున్నాయో ఆమె చేతే లెక్కపెట్టించండి. ఐసు కొరత మీది కాదు. కాని షిఫ్టు మొదలయ్యేసరికి ఎంత ఐసు ఉంది, వచ్చిన సరుకుకు ఎంత కావాలి అన్నది వేళతో సహా రిజిస్టరులో రాసి, సంబంధిత అధికారితో సంతకం పెట్టించడం మీదే. సరుకు మెత్తబడ్డాక చెబితే సాకుగా వినిపించే మాట, మూడు గంటల ముందు రాసి ఇస్తే హెచ్చరిక అవుతుంది. రేపటి షిఫ్టుకే మొదలుపెట్టండి.