మా అబ్బాయే తోటి పిల్లాణ్ణి ఏడిపిస్తున్నాడట... మందులేమైనా ఉన్నాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం కూకట్‌పల్లిలో ఉంటాం. మా బాబుకి 12 ఏళ్లు, ఏడో తరగతి. చదువులో పర్వాలేదు, ఆటల్లో ముందుంటాడు. పోయిన వారం స్కూల్ వాళ్లు మమ్మల్ని పిలిపించారు. క్లాసులో నత్తిగా మాట్లాడే ఒక అబ్బాయిని మావాడు, ఇంకో ఇద్దరు కలిసి రెండు నెలలుగా ఏడిపిస్తున్నారట. టీచర్ లేనప్పుడు అతనిలా మాట్లాడి నవ్విస్తారట, టిఫిన్ బాక్స్ దాచేస్తారట. ఒకసారి వీడియో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టారట. ఆ అబ్బాయి ఇప్పుడు స్కూలుకే రానంటున్నాడట. ఇంకోసారి జరిగితే టీసీ ఇచ్చేస్తామన్నారు. ఇంటికొచ్చాక మా ఆయన బెల్టు తీసుకుని కొట్టారు. అప్పటి నుంచి మావాడు ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. చెల్లెల్ని అంత ప్రేమగా చూసుకునే పిల్లాడు ఇలా ఎందుకు చేస్తున్నాడు? ఇది హైపర్ యాక్టివిటీనా? మందులేమైనా ఉన్నాయా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఈ విషయం మీద నాకు వచ్చే ఉత్తరాలన్నీ దాదాపుగా ఏడుస్తూ ఇంటికొచ్చిన పిల్లల తల్లిదండ్రులవే. ఏడిపించిన పిల్లాడి తల్లి రాయడం అరుదు. ‘మావాడు అలాంటివాడు కాదు’ అని స్కూలు మీదికి గొడవకు వెళ్లకుండా, ఎందుకు చేస్తున్నాడని అడిగారు. సగం పని అక్కడే తేలికైంది.

ముందు మందుల సంగతి. ఏడిపించే అలవాటుకు మందు లేదు. హైపర్ యాక్టివిటీ ఉన్న పిల్లలు తొందరపాటుతో చెయ్యి చేసుకుంటారు. ఎదురుగా టీచర్ ఉన్నా చూసుకోరు, కాసేపటికి వాళ్లే బాధపడతారు. మీవాడు ఒక్క పిల్లాణ్ణే ఎంచుకున్నాడు, టీచర్ బయటికి వెళ్లేదాకా ఆగాడు, రెండు నెలలు సాగించాడు. దీంట్లో తొందరపాటు కన్నా లెక్క ఎక్కువ కనిపిస్తోంది. అయితే కొందరిలో రెండూ కలిసి ఉంటాయి. కుదురుగా కూర్చోలేకపోవడం, రోజూ ఏదో ఒకటి పారేసుకోవడం, చెప్పేది పూర్తిగా వినకుండానే లేచిపోవడం చిన్నప్పటి నుంచీ ఉంటే ఒకసారి పరీక్ష చేయించండి. అది హైపర్ యాక్టివిటీ అని తేలితే దానికి మాత్రం మంచి మందులున్నాయి.

మరి ఎందుకు చేస్తున్నాడు? లోపల భయం, న్యూనత ఉన్నవాడే పైకి రౌడీలా ఉంటాడని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. నార్వేలో ఈ విషయం మీద జీవితమంతా పనిచేసిన డాన్ ఓల్వేయస్ అనే సైకాలజిస్టుకి అలా కనిపించలేదు. ఏడిపించే పిల్లల్లో ఎక్కువమందికి తమ మీద తమకు నమ్మకం మామూలుగానే ఉంది, కొందరికి కాస్త ఎక్కువే ఉంది. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదుటివాడు తిరగబడలేని స్థితిలో ఉండటం అని ఆయన చెప్పిన మూడు గుర్తులూ మీ ఉత్తరంలో ఉన్నాయి. కాబట్టి ‘పిల్లలన్నాక ఇవన్నీ మామూలే’ అని ఎవరన్నా మీరు ఒప్పుకోవద్దు.

మీవాడికి దీంట్లో దొరుకుతున్నది నవ్వు. 12 ఏళ్ల వయసులో అమ్మ మెప్పు కన్నా క్లాసులో నలుగురు నవ్వడం పెద్ద బహుమతి. చెల్లెలి దగ్గర ఆ అవసరం లేదు, అక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు. మీకు ఇద్దరు వేరు వేరు పిల్లల్లా కనిపిస్తున్నాడు కానీ వాడు ఒక్కడే. కెనడాలోని టొరంటోలో పరిశోధకులు స్కూలు ఆటస్థలంలో కెమెరాలు, మైకులు పెట్టి చూశారు. ఇలాంటి సంఘటనలు పది జరిగితే దాదాపు తొమ్మిదింటిలో చుట్టూ వేరే పిల్లలు ఉన్నారు. వాళ్లలో ఒక్కరు ‘ఆపరా’ అని అడ్డుపడినప్పుడు, సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోనే ఆగిపోయింది. ఫిన్లండ్‌లో క్రిస్టీనా సాల్మివల్లి అనే ప్రొఫెసర్ ఈ సంగతి ఆధారంగానే ‘కీవా’ అనే కార్యక్రమం తయారుచేశారు. అందులో ఏడిపించేవాడితో పాటు నవ్వేవాళ్లకీ, చూసీ చూడనట్టు పోయేవాళ్లకీ పాఠాలు ఉంటాయి. 2009 నుంచి ఆ దేశమంతా అమలు చేశారు. మీవాడి పక్కన ఉన్న ఆ ఇద్దరి ఇళ్లకు కూడా కబురు వెళ్లిందో లేదో స్కూల్‌ను అడగండి.

ఎదుటివాడి లోపం చూసి నవ్వడం పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారు? మన హైదరాబాద్‌లో ఒక్క క్లాసులోనే తెలంగాణ యాస ఒకరిది, గోదావరి యాస ఒకరిది, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు ఒకరు, ఒడియా మాట్లాడేవాళ్లు ఒకరు ఉంటారు, ఒకరి మాట విని ఇంకొకరు నవ్వుతుంటారు. పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో పెద్దవాళ్లు ‘నల్లోడు’, ‘బండోడు’ అని పిలుస్తుంటే పక్కనే పిల్లలు వింటుంటారు. నేను బక్కగా ఉన్నానని మా స్కూల్లో నన్ను అగ్గిపుల్ల అనేవాళ్లు. ఆ పేరు పెట్టినవాడు నాకు మంచి స్నేహితుడే. నాకు యాభై దాటాయి, పొట్ట కూడా వచ్చింది, ఆ పేరు మాత్రం మర్చిపోలేదు. నత్తి ఉన్న పిల్లాడి సంగతి ఇంకా కష్టం. నత్తికీ తెలివికీ సంబంధం లేదు, టెన్షన్ పడితే మాత్రం నత్తి ఎక్కువవుతుంది. అంటే మీవాళ్లు నవ్విన కొద్దీ ఆ పిల్లాడికి మాట ఇంకా తడబడుతుంది, దాంతో వీళ్లకు ఇంకా నవ్వొస్తుంది.

ఇప్పుడు మీ ఆయన సంగతి. పరువు పోయిందన్న కోపం నాకు అర్థమవుతుంది. కానీ స్కూల్లో మీవాడు చేసింది తనకన్నా బలహీనుడి మీద. ఇంట్లో వాడి మీద జరిగిందీ అదే. బెల్టు చూశాక వాడికి గుర్తుండేది ఆ పిల్లాడి ఏడుపు కాదు, తన వీపు. తర్వాత మళ్లీ చేస్తే దొరక్కుండా చేస్తాడు. ఆయన్నే వాడి దగ్గర కూర్చుని ‘నిన్ను కొట్టడం నా తప్పు. నువ్వు చేసింది కూడా తప్పే. రెండూ ఆగాలి’ అని చెప్పమనండి. నాన్న నోటి నుంచి ‘నా తప్పు’ అనే మాట వినని పిల్లలు మన ఇళ్లలో చాలామంది. విన్నవాడికి సారీ చెప్పడం కాస్త సులువవుతుంది.

ఆ తర్వాత వాడితో మీరు మాట్లాడండి. ‘ఎందుకు చేశావు’ అని అడిగితే ‘ఏమో’ అంటాడు. ఏం జరిగిందో మొదటి రోజు నుంచి వరసగా చెప్పమనండి. ఎవరు నవ్వారు, అప్పుడు ఆ అబ్బాయి ముఖం ఎలా ఉంది అని అడగండి. మధ్యలో తిట్టకండి. స్కూల్ వ్యాన్‌లో వాడిని పెద్ద క్లాసు పిల్లలెవరైనా ఇలాగే చేస్తున్నారేమో కూడా అడగండి. దెబ్బలు తిని, ఇంకొకరిని కొట్టే పిల్లలకు రెండు వైపులా సాయం కావాలి. వీడియో ఉన్న ప్రతి గ్రూపులోంచీ తీయించాలి. అసలు వాట్సాప్ వాడాలంటే ఆ కంపెనీ నిబంధనల ప్రకారమే 13 ఏళ్లు నిండాలి. కాబట్టి కొంతకాలం ఫోన్ మీ దగ్గర పెట్టుకోవడం శిక్షలా ఉండక్కర్లేదు.

క్లాసు ముందు నిలబెట్టి సారీ చెప్పించడం, ఇద్దరి చేతులూ కలిపించి ‘ఫ్రెండ్స్ అయిపోండి’ అనడం స్కూళ్లకు అలవాటు. నాకది ఇష్టం లేదు. ఇది ఇద్దరి మధ్య తగాదా అయితే రాజీ కుదర్చవచ్చు. ఇక్కడ భయపడినవాడిని భయపెట్టినవాడి పక్కన నిలబెడుతున్నాం. ముందు మీరిద్దరూ ఆ అబ్బాయి తల్లిదండ్రులను కలవండి. క్షమాపణ కావాలా, ఎలా కావాలి అన్నది ఆ అబ్బాయిని అడిగి వాళ్లు చెప్పాలి. అసలు వద్దంటే వదిలేయండి. స్కూల్‌ను మాత్రం సీటు మార్చమని, లంచ్ టైంలో, బాత్రూంల దగ్గర, మెట్ల మీద ఒక టీచర్‌ను ఉంచమని అడగండి. ఓల్వేయస్ పద్ధతిలో ఇలాంటి నిఘాకి చాలా ప్రాధాన్యం ఉంది. 1983లో నార్వేలోని బెర్గెన్ స్కూళ్లలో ఆ పద్ధతి మొదలుపెడితే రెండేళ్లలో ఈ బాధ సుమారు సగానికి తగ్గింది.

టీసీ గురించి కంగారు పడకండి. విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లాణ్ణి స్కూల్లోంచి తీసేయకూడదు. కానీ దీన్ని ఆయుధంలా చూపించి వాదనకు దిగితే స్కూల్‌తో కలిసి పనిచేయడం కుదరదు.

జంతువులను హింసించడం, దొంగతనాలు, నిప్పు పెట్టడం, ఇల్లు వదిలి పారిపోవడం లాంటివి కూడా ఉంటే ఆలస్యం చేయకుండా పిల్లల సైకియాట్రిస్టును కలవండి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో చూపించుకోవచ్చు. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబర్ 14416, ఉచితం. ఆ అబ్బాయి వాళ్లకు కూడా ఈ నంబర్, పిల్లల హెల్ప్‌లైన్ 1098 చెప్పండి.

ఇవేవీ లేకపోయినా, ఆరు వారాల తర్వాత కూడా స్కూల్ నుంచి ఫిర్యాదులు వస్తుంటే డాక్టర్‌ను కలవండి. మొదటిసారి పిల్లాణ్ణి కాసేపు బయట కూర్చోబెట్టి మీ ఇద్దరితో మాట్లాడతారు. మీ ఆయనకు ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టమనండి.